రైతుకు తెరుచుకోని వెబ్‌సైట్ ఎవరి కోసం?

భూమి కాగితం కావాలంటే మన పెద్దలు కరణం అరుగు దగ్గర నిలబడ్డారు. తర్వాత మనం తహసీల్దారు కార్యాలయం వరండాలో నిలబడ్డాం. 2001లో ఈ-సేవ, 2011లో మీసేవ వచ్చాక కౌంటర్ ముందు వరుసలో నిలబడ్డాం. ఇప్పుడు నిలబడే పనే లేదు, అంతా అరచేతిలోనే ఉందని పాలకులు చెబుతున్నారు. పల్లెల్లో కనిపిస్తున్నది వేరు. ఆఫీసు ముందు నిలబడే రైతు ఇప్పుడు మండల కేంద్రంలోని ఇంటర్నెట్ సెంటర్ ముందు నిలబడుతున్నాడు. ఒక చేతిలో పాసుపుస్తకం, ఇంకో చేతిలో ఆధార్ కార్డు. ఓటీపీ మాత్రం హైదరాబాద్‌లో ఉన్న కొడుకు ఫోన్‌కు వెళ్తుంది.

ఈ రోజు రైతు బతుకులో తెర మీదకు ఎక్కని పని లేదు. పీఎం కిసాన్ కింద ఏడాదికి 6,000 రూపాయలు మూడు విడతలుగా రావాలంటే ఈకేవైసీ పూర్తి కావాలి. పత్తిని సీసీఐకి మద్దతు ధరకు అమ్మాలంటే 2025 నుంచి కపాస్ కిసాన్ యాప్‌లో నమోదై, స్లాట్ తీసుకోవాలి. ఆంధ్రప్రదేశ్‌లో పంట అమ్మాలన్నా, నష్టపరిహారం రావాలన్నా ఈ-పంటలో పేరుండాలి. అడంగల్ చూడాలంటే మీభూమి. తెలంగాణలో భూమి రిజిస్ట్రేషన్ కావాలంటే భూభారతి. ఇన్ని హక్కులు తెర వెనక ఉన్నప్పుడు ఆ తెర ఎలా తయారైందన్నది కంప్యూటర్ చదివినవాళ్లకు వదిలేసే విషయం కాదు. ఎరువులు, గిట్టుబాటు ధర, బ్యాంకు రుణం ఎలా రైతు సమస్యలో, వెబ్‌సైట్ కూడా అలాగే రైతు సమస్య.

మేము ఇంటర్నెట్‌కు వ్యతిరేకులం కాదు. 1-బి నకలు ఇంట్లో కూర్చుని చూసుకోగలగడం మేలే. ఎవరి చేయీ తడపకుండా డబ్బు నేరుగా ఖాతాలో పడడం మేలే. మార్కెట్‌కు బండి కట్టే ముందు ధర తెలుసుకోగలగడం, వాన కబురు ముందే అందడం మంచిదే. ఈ మేలు అందరికీ అందుతోందా, చదువూ కొత్త ఫోనూ ఉన్న కొందరి దగ్గరే ఆగిపోతోందా అన్నదే మా ప్రశ్న.

చెడ్డ వెబ్‌సైట్‌ను గుర్తుపట్టడం ఎలా?

దీనికి పెద్ద చదువు అక్కర్లేదు. తెరవగానే నాయకుల ఫొటోలు, కదిలే బ్యానర్లు వస్తాయి. సిగ్నల్ సరిగా లేని ఊళ్లో అవి పూర్తిగా రావడానికే నిమిషాలు పడుతుంది. ‘నా డబ్బు ఎక్కడ ఆగింది?’ అని వచ్చిన రైతుకు జవాబు ఏ మూలన ఉందో వెతుక్కోవాలి. తెలుగు అని నొక్కితే పైన శీర్షికలు తెలుగులోకి మారతాయి, లోపల ఫారం ఇంగ్లీషులోనే ఉంటుంది. ఉన్న తెలుగు కూడా యంత్రం తిప్పిన తెలుగు. పహాణీ, అడంగల్, ఖాతా, మ్యుటేషన్ అని ఊరందరికీ తెలిసిన మాటలుండగా ఎవరూ ఎన్నడూ వినని మాటలు పెడతారు.

పేరు దగ్గర ఇంకో చిక్కు. ఆధార్‌లో ఇంటిపేరు పూర్తిగా ఉంటుంది, పాసుపుస్తకంలో ఇంటిపేరుకు ఒక్క అక్షరమే ఉంటుంది. ఊళ్లో అందరికీ ఒక్క మనిషే, కంప్యూటర్‌కు మాత్రం ఇద్దరు. సర్వే నంబరులో బై నంబరు పక్కన ‘అ’ రాయాలా, ఇంగ్లీషు అక్షరం కొట్టాలా అన్నది ఎక్కడా చెప్పరు. తప్పు కొడితే ‘రికార్డు లేదు’ అంటుంది. తాత తండ్రుల నాటి నుంచి దున్నుకుంటున్న భూమికి రికార్డు లేదని తెర మీద చదివిన రైతు గుండె ఏమవుతుందో ఆ పేజీ తయారు చేసినవాళ్లకు తెలియదు.

ఒక్కో అక్షరం ఒక వేలితో వెతికి కొట్టుకుంటూ సగం పూర్తి చేసేసరికి సమయం అయిపోయిందని మళ్లీ మొదటికి తోసేస్తుంది. వంకర టింకర అక్షరాల క్యాప్చా అరవై ఏళ్ల కళ్లకు అందదు. చివరకు ‘లోపం జరిగింది, తర్వాత ప్రయత్నించండి’ అని వస్తుంది. ఏ లోపం? ఎవరి వల్ల? తర్వాత అంటే సాయంత్రమా, గడువు దాటాకా? ఇక దరఖాస్తు వెళ్లిందనుకుంటే చేతికి రసీదు రాదు. రేపు ‘మీరు దరఖాస్తే చేసుకోలేదు’ అంటే చూపించుకోవడానికి ఏమీ ఉండదు.

ఒక్కొక్కటిగా చూస్తే ఇవి చిన్న విషయాలు. ఆఫీసులో గుమాస్తా కారణం చెప్పకుండా ఒక రైతును నాలుగుసార్లు తిప్పితే మనం నిలదీస్తాం, అవసరమైతే ధర్నా చేస్తాం. అదే పని తెర చేస్తే ‘సర్వర్ డౌన్ అంట’ అనుకుని ఇంటికి వస్తున్నాం. పైగా ‘మాకు చదువు రాకపాయె’ అని మనల్ని మనమే తిట్టుకుంటున్నాం. తప్పు ఎక్కడుందో చూడకుండా సిగ్గు మాత్రం రైతు నెత్తిన పడుతోంది. ఈ ధోరణి మారాలి.

గడి లేకపోతే హక్కు లేనట్టే

తెర తయారీ ఎంత దూరం పోగలదో ధరణి చూపించింది. 2020 అక్టోబర్ 29న ఆ పోర్టల్ మొదలైంది. అదే ఏడాది తెచ్చిన చట్టం రెవెన్యూ కోర్టులను ఎత్తేసింది. రికార్డుల్లో తప్పు దిద్దడానికి కింది స్థాయి అధికారులకున్న అధికారాలూ పోయాయి. ఆ తర్వాత రైతు సమస్య పోర్టల్‌లో ఏదో ఒక మాడ్యూల్‌లో ఇమిడితేనే దరఖాస్తు. ఇమడకపోతే వినే చోటు లేదు, సివిల్ కోర్టుకు పొమ్మన్నారు. సొంత పట్టా భూమి నిషేధిత జాబితాలోకి ఎక్కినవాళ్లు, విస్తీర్ణం తగ్గి నమోదైనవాళ్లు ఏళ్ల తరబడి తిరిగారు. రికార్డులో అనుభవదారు కాలమ్ లేకుండా పోవడంతో భూమి దున్నేవాడి ఊసే రికార్డుకు ఎక్కకుండా పోయింది. ఒక గడి తీసేయడం కంప్యూటర్ మీద ఒక్క క్షణం పని. ఊళ్లో దాని అర్థం ఏమిటో కౌలు రైతులను అడగాలి.

2025 ఏప్రిల్ 14న దాని స్థానంలో భూభారతి వచ్చింది. కొత్త చట్టంలో తహసీల్దారు, ఆర్డీఓ, కలెక్టర్ స్థాయిల్లో దిద్దుబాటుకు, అప్పీలుకు వీలు కల్పించారు. ఆ జూన్‌లో ఊరూరా రెవెన్యూ సదస్సులు పెడితే లక్షల్లో దరఖాస్తులు వచ్చాయి. అధికారి బల్ల వేసుకుని కూర్చుని, రైతు చెప్పేది విని, కాగితం తీసుకుంటేనే సమస్యలు బయటికొచ్చాయి. తెర ఎంత బాగున్నా దాని వెనక జవాబు చెప్పే మనిషి, దిద్దే అధికారం ఉండాలన్నదే ఇందులో పాఠం. దరఖాస్తులు తీసుకోవడంతో పని అయిపోయినట్టు కాదని, ప్రతి దరఖాస్తుకు రాతపూర్వకంగా జవాబు రావాలని కూడా ఇక్కడే చెబుతున్నాం.

పత్తి సంగతి చూడండి. కేంద్రం 2025-26కు పొడవు పింజ పత్తికి క్వింటాలుకు 8,110 రూపాయలు మద్దతు ధర ప్రకటించింది. తేమ 8 శాతం దాటితే ధర కోత, 12 దాటితే కొనరు. స్లాట్ ముందుగా తీసుకోవాలి. అక్టోబర్ చివర మొంథా తుపాను వచ్చింది. వానకు తడిసిన పత్తి ఏ రోజుకు ఆరుతుందో యాప్‌కు తెలియదు. స్లాట్ నాటికి ఆరకపోతే మళ్లీ స్లాట్ కోసం చూడాలి, లేదంటే వచ్చిన ధరకు ప్రైవేటు వ్యాపారికి అమ్ముకోవాలి. భూమి వివరాలతో ముడిపడిన నమోదులో కౌలు రైతు పరిస్థితి ఇంకా కష్టం. జిన్నింగ్ మిల్లు గేటు దగ్గర రద్దీ తగ్గించడానికి స్లాట్ పద్ధతి ఉండడాన్ని మేము తప్పుపట్టడం లేదు. పొలం లెక్కనూ వాతావరణం లెక్కనూ చూడకుండా ఆఫీసు లెక్కతోనే దాన్ని అల్లడాన్ని తప్పుపడుతున్నాం.

ఈ తిప్పలు మన ఒక్కరివే కావు. బ్రిటన్ ప్రభుత్వం 2012లో తన సమాచారాన్ని గవ్.యూకే అనే ఒకే చోటికి తేవడం మొదలుపెట్టింది. అలంకారాలు లేకుండా, మామూలు మాటల్లో, మనిషి వచ్చిన పని ముందు అయ్యేలా తయారు చేసినందుకు అది ప్రపంచమంతా మెప్పు పొందింది. అదే దేశంలో ఇంగ్లండ్ రైతుల సబ్సిడీ దరఖాస్తుల కోసం కట్టిన ఆన్‌లైన్ వ్యవస్థ 2015 మార్చిలో చతికిలపడింది. పొలాల హద్దులు పటం మీద గుర్తించే భాగం పనిచేయక, గడువు దగ్గరపడ్డాక రైతులను మళ్లీ కాగితం ఫారాలకు మళ్లించారు. గడువును మే 15 నుంచి జూన్ 15కు పెంచారు. డబ్బున్న దేశమైనా, చదువుకున్న రైతులైనా, పొలం సంగతి సరిగా పట్టించుకోని తెర కూలిపోతుంది. అక్కడ రైతులకు కాగితం ఫారం అనే రెండో దారి ఉంది. మనకూ ఉండాలని అడుగుతున్నాం.

మూడు తరాలు, ఒకే ఫోన్

ఇంట్లో తాతకు బటన్ ఫోన్ ఉంటుంది. తండ్రికి వాట్సాప్, యూట్యూబ్ తెలుసు. కొడుకు, కూతురు, మనవడు అన్నీ చేయగలరు. చాలా ఇళ్లలో అమ్మకు సొంత ఫోనే ఉండదు. భూమి ఆమె పేరున ఉన్నా ఆధార్‌కు కలిపిన నంబరు భర్తదో కొడుకుదో అయి ఉంటుంది. ఆ ఒక్క కారణంతో ఆమె తన హక్కు కోసం కూడా ఇంకొకరి మీద ఆధారపడాలి. కొడుకు సిమ్ మార్చితే తల్లి డబ్బు ఆగిపోతుంది. మట్టి పనిలో వేలిముద్రలు అరిగిపోయిన ముసలి రైతును యంత్రం గుర్తుపట్టదు. పీఎం కిసాన్ యాప్‌లో ముఖం చూపి ఈకేవైసీ చేసుకునే వీలు 2023లో వచ్చింది, కొంత ఊరట కలిగింది. అదైనా కెమెరా సరిగా ఉన్న ఫోన్, దాన్ని పట్టుకునే మనిషి ఉంటేనే పనికొస్తుంది.

పెద్దవాళ్లకు ఇవేవీ ఎక్కవు అనే మాటను మాత్రం మేము ఒప్పుకోం. బడి ముఖం చూడని రైతులు కూడా వాట్సాప్‌లో గొంతు రికార్డు చేసి పంపుతున్నారు. తెగులు సోకిన ఆకు ఫొటో తీసి వ్యవసాయ అధికారికి పంపుతున్నారు. యూట్యూబ్‌లో మైకు గుర్తు నొక్కి, నోటితో అడిగి, కావలసిన వీడియో చూస్తున్నారు. కూరగాయలు అమ్మే అక్క దగ్గర ఫోన్ డబ్బాకు స్కాన్ చేయగానే ఎంత వచ్చిందో తెలుగులో పలుకుతోంది. ఆ పలుకు విని ఆమె నమ్ముతోంది. ఎవరూ ఆమెకు శిక్షణ ఇవ్వలేదు. ఆ పరికరం ఆమెను దృష్టిలో పెట్టుకుని తయారైంది, అంతే. అదే మనిషి ప్రభుత్వ పోర్టల్ ముందు తెల్లమొహం వేస్తోందంటే లోపం ఆమెలో ఉందా, పోర్టల్‌లో ఉందా?

కుర్రవాళ్లకు అన్నీ తెలుసనుకోవడమూ పొరపాటే. వాళ్లకు వేగం ఉంది, ఆచితూచి అడుగేసే అలవాటు తక్కువ. ‘పీఎం కిసాన్ కొత్త జాబితా’ అని వాట్సాప్‌లో వచ్చిన ఏపీకే ఫైలు నొక్కి ఖాతా ఖాళీ చేసుకున్న ఘటనలు రెండు రాష్ట్రాల్లోనూ ఉన్నాయి. అప్పులిచ్చే యాప్‌ల ఉచ్చులో పడుతున్నవాళ్లలో యువకులే ఎక్కువగా కనిపిస్తున్నారు. ఏ వీడియోలోనో చెప్పారని రెండు మూడు మందులు కలిపి కొట్టి పైరు మాడ్చుకున్నవాళ్లూ ఉన్నారు. రసీదు లేనిదే డబ్బు ఇవ్వకపోవడం, కాగితం చదివించుకోకుండా వేలిముద్ర వేయకపోవడం, కొత్త విత్తనం ముందు ఒక మడిలో వేసి చూడడం మన పెద్దల పద్ధతులు. ఇంటర్నెట్‌లోనూ అవే పద్ధతులు కాపాడతాయి. కుర్రవాళ్లు పెద్దలకు నొక్కడం నేర్పాలి. ఎప్పుడు నొక్కకూడదో పెద్దలు కుర్రవాళ్లకు నేర్పాలి.

మంచి వెబ్‌సైట్ అంటే ఇదీ

వచ్చిన రైతుకు మూడు సంగతులు మొదటి పేజీలోనే తెలియాలి. నాకు రావలసింది ఏమిటి, ఎక్కడ ఆగింది, ఎవరిని కలవాలి. అక్షరాలు పెద్దవిగా, మధ్యాహ్నం ఎండలో గట్టు మీద నిలబడి చూసినా కనిపించేటంత స్పష్టంగా ఉండాలి. బూడిద రంగు మీద లేత అక్షరాలు ఏసీ గదిలో అందంగా ఉంటాయేమో, పొలంలో కనిపించవు. పాత ఫోన్‌లో, బలహీనమైన సిగ్నల్‌లో తెరుచుకోవాలి. సగం నింపిన ఫారం అలాగే దాచి ఉండాలి. తప్పు జరిగితే ఏ గడిలో జరిగిందో, ఎలా దిద్దుకోవాలో మన మాటల్లో చెప్పాలి. చదవలేనివారికి చదివి వినిపించాలి, నోటితో చెప్తే తీసుకోవాలి. చివర తేదీ, నంబరుతో రసీదు ఫోన్‌కు రావాలి.

ఇది గొంతెమ్మ కోరిక కాదు. కిసాన్ కాల్ సెంటర్ 1800-180-1551 నంబరు 2004 నుంచి పనిచేస్తోంది. బటన్ ఫోన్‌తో, డబ్బు ఖర్చు లేకుండా, తెలుగులో ఉదయం 6 నుంచి రాత్రి 10 వరకు మాట్లాడవచ్చు. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2025 జనవరి 30న మన మిత్ర పేరుతో వాట్సాప్‌లో సేవలు మొదలుపెట్టింది. జనానికి ఇప్పటికే అలవాటైన చోటికి ప్రభుత్వం రావడం సరైన ఆలోచన. స్మార్ట్ ఫోన్ లేనివారిని అది ఎలా చేరుతుందన్నదానికి కూడా జవాబు చెప్పాలి.

పైగా ప్రభుత్వం తనకు తాను రాసుకున్న నియమాలే ఉన్నాయి. భారత ప్రభుత్వ వెబ్‌సైట్లు ఎలా ఉండాలో చెప్పే మార్గదర్శకాలు 2009లో వచ్చాయి, వాటి మూడో రూపం 2023లో వెలువడింది. వికలాంగులతో సహా అందరూ వాడుకోగలిగేలా ఉండాలని అవి చెబుతున్నాయి. 2025 ఏప్రిల్ 30న సుప్రీంకోర్టు యాసిడ్ దాడి బాధితులు, చూపులేనివారు వేసిన కేసుల్లో తీర్పు ఇస్తూ, డిజిటల్ సేవలను అందుకోగలగడం రాజ్యాంగం 21వ అధికరణం ఇచ్చే జీవించే హక్కులో భాగమని చెప్పింది. కెమెరా ముందు కళ్లు ఆర్పలేనివారి కోసం కేవైసీకి వేరే మార్గాలు ఉండాలని ఆదేశించింది. కళ్లు ఆర్పలేనివారి విషయంలో న్యాయమైనది, వేలిముద్రలు అరిగిన రైతు విషయంలోనూ న్యాయమే.

మా డిమాండ్లు

1. రైతులకు సంబంధించిన ఏ పోర్టల్, యాప్ అయినా అమలుకు ముందు అయిదు పదుల వయసు దాటిన రైతులు, మహిళా రైతులు, కౌలు రైతులతో పల్లెల్లో, మామూలు ఫోన్ల మీద పరీక్షించాలి. వారు చేయలేకపోతే దిద్దిన తర్వాతే విడుదల చేయాలి.

2. ప్రతి ఆన్‌లైన్ సేవకూ కాగితం దరఖాస్తు అనే రెండో దారి ఉంచాలి. రైతు సేవా కేంద్రంలో, ఏఈఓ దగ్గర, గ్రామ సచివాలయంలో దాన్ని తీసుకుని రసీదు ఇవ్వాలి.

3. సర్వర్ పనిచేయని రోజులను గడువులో లెక్కించకూడదు. ఎన్ని రోజులు పనిచేయకపోతే అన్ని రోజులు గడువు దానంతట అదే పెరగాలి.

4. దరఖాస్తు తిరస్కరిస్తే కారణం తెలుగులో రాసి, అప్పీలు చేసుకునే అధికారి పేరు, చోటు చెప్పాలి.

5. నమోదు ఫారాల్లో కౌలు రైతుకు చోటుండాలి. సాగు చేసేవారి గుర్తింపును భూ యజమాని ఇష్టానికి వదిలేయకూడదు.

6. స్లాట్ నాటికి వాన వల్ల పంట ఆరకపోతే, అదే స్లాట్‌ను నష్టం లేకుండా ముందుకు జరుపుకునే వీలివ్వాలి.

గ్రామ కమిటీలకు మా విజ్ఞప్తి

డిమాండ్ చేసి ఊరుకుంటే చాలదు. ప్రతి గ్రామ కమిటీ వారానికి ఒక సాయంత్రం రచ్చబండ దగ్గరో సంఘం ఆఫీసులోనో కూర్చోవాలి. ఇద్దరు చదువుకున్న యువకులు, వీలైతే ఒక యువతి, ఫోన్లతో అందుబాటులో ఉండాలి. డబ్బు తీసుకోకుండా రైతుల ఈకేవైసీ, స్లాట్లు, రికార్డులు చూసిపెట్టాలి. రైతును పక్కన కూర్చోబెట్టుకుని, చూపిస్తూ చేయాలి. ఫోన్ తీసుకుని మనమే చకచకా చేసి ఇచ్చేస్తే వచ్చే నెల ఆయన మళ్లీ మన దగ్గరికే రావాలి.

ఒక పుస్తకం పెట్టండి. ఏ పోర్టల్, ఏ రోజు, ఏ సమయానికి ఏమని చెప్పి ఆగిందో రాయండి. తెర మీద వచ్చిన సందేశాన్ని స్క్రీన్‌షాట్ తీసి దాచండి. ‘సర్వర్ సరిగా పనిచేయడం లేదు’ అని నోటిమాటగా చెబితే అధికారులు కొట్టిపారేస్తారు. ముప్పై మంది రైతుల పేర్లు, తేదీలు, స్క్రీన్‌షాట్లతో ప్రజావాణిలో, గ్రీవెన్స్‌లో అర్జీ పెడితే జవాబు చెప్పక తప్పదు. ఆ నకళ్లు జిల్లా కమిటీకి పంపండి.

జాగ్రత్తలూ చెప్పండి. ఓటీపీ ఎవరికీ చెప్పవద్దు. పథకం పేరుతో వాట్సాప్‌లో వచ్చే ఏపీకే ఫైళ్లు తెరవవద్దు. యాప్ కావాలంటే ప్లే స్టోర్ నుంచే తీసుకోండి, అక్కడా ఎవరు తయారు చేశారో చూడండి. మోసపోతే సిగ్గుపడి దాచుకోవద్దు, వెంటనే 1930కు ఫోన్ చేయండి. ఎంత త్వరగా చేస్తే డబ్బును ఆపే అవకాశం అంత ఎక్కువ. మహిళా రైతుల బ్యాంకు ఖాతాకు, ఆధార్‌కు వారి సొంత నంబరే ఉండేలా చూడండి.

పన్నుల డబ్బుతో తయారైన వెబ్‌సైట్ మన ఊరి చెరువు లాంటిదే, అందరిదీ. చెరువు తూము చివరి మడికి నీళ్లు ఇవ్వకపోతే ‘నీ పొలం దూరంగా ఉంది’ అని చివరి రైతును తప్పుపట్టం. తూము బాగు చేయమని అందరం కలిసి అడుగుతాం. తెర విషయంలోనూ అదే పద్ధతి పాటిద్దాం. రైతును కంప్యూటర్‌కు తగ్గట్టు మార్చమనే మాట చాలు. కంప్యూటర్‌ను రైతుకు తగ్గట్టు మార్చమని ఈ నెల నుంచే ప్రతి మండలంలో అడుగుదాం.